సెకండ్ షిఫ్టులో బందయ్యే ఫోను

"ఏడుపు బందు చెయ్యి లింగవ్వా. నీ కొడుకు సల్లగ ఉన్నడు. ఇగో సూడు, రాత్రి పదకొండు దాటినంక కూడ నోట్సు సదురుకుంటున్నడు" అంటూ ఇన్‌స్పెక్టర్ భూపాల్ ల్యాప్‌టాప్‌ను స్టేషన్లో తన బల్ల మీద ఇటువైపు తిప్పాడు.

లింగవ్వ తెర వైపు చూడలేదు. రమ ముఖం వైపు చూసింది. డిగ్రీ చదువుతున్న కొడుకు రుత్విక్ ఇంట్లోంచి వెళ్లి ఇది మూడో రోజు. పోలీసులు "వస్తడులే" అంటూ కాలం గడిపేసరికి, ఆ తల్లి ఈ ఉదయం గోదావరిఖని చౌరస్తాలో జిరాక్సు దుకాణం పైనున్న రమ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. రమ ఒకప్పుడు భూపాల్‌తో పాటే ఎస్సైగా చేరిన మనిషి. ఆమె ఉద్యోగం వదిలి బయటికి వచ్చింది, అతను ఉండి పైకెక్కాడు. అప్పటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

రమ తెర చూసింది. చూసి నిజంగానే అదిరిపడింది. భూపాల్ చెప్పింది అబద్ధం కాదు.

అది రుత్విక్, అతని క్లాస్‌మేట్ యమున కలిసి వాడుకునే ఉమ్మడి నోట్‌బుక్. ఇంటర్నెట్‌లో ఏదైనా పనికొచ్చే వ్యాసమో బొమ్మో కనిపిస్తే ఒక్క బటన్ నొక్కితే చాలు, ఆ ముక్క కత్తిరించినట్టు వచ్చి ఇందులో చేరుతుంది. ఎవరు చేర్చారో పేరు పడుతుంది, దాని కింద ఇద్దరూ వ్యాఖ్యలు రాసుకోవచ్చు. ఎవరైనా తీసేస్తే ఆ సంగతీ పడుతుంది. బొగ్గుదుమ్ము వల్ల కార్మికుల ఊపిరితిత్తులు ఏమవుతున్నాయన్నది వాళ్ల ప్రాజెక్టు. తెర కుడివైపున ఐదు వరుసలు ఎర్రగా మెరుస్తున్నాయి. ప్రతి వరుసలోనూ ఒకటే మాట: "రుత్విక్ తొలగించాడు."

"పరీక్షలు దగ్గరికొచ్చినయి. తండ్రితోని లొల్లి పెట్టుకున్నడు. ఫోను టవరు ఈ ఊర్లనే సూపిస్తున్నది" అన్నాడు భూపాల్. "ఏ దోస్తు రూంలనో పండుకున్నడు. ఆకలైతె ఆడే ఇంటికొస్తడు."

"ప్రాజెక్టు అప్పజెప్పే వారంల ఎవడన్న తన నోట్సు తనే పీకేసుకుంటడా?"

"అలిగినోడు ఏమన్న చేస్తడు."

"అలిగినోడు మొత్తం పీకేస్తడు భూపాల్ సారూ. గిన్ని ముక్కలుంటె ఏరి ఏరి ఐదే ఎందుకు పీకిండు? అవి ఏమేమి బొమ్మలో సూసినవా?"

భూపాల్ చూడలేదు. చూడలేదని ఒప్పుకునే రకం కూడా కాదు. "నువ్వు డిపార్టుమెంటుల ఉన్నప్పుడు కూడ గిదే కత. గోరంత దాన్ని కొండంత చేసుడు. మనిషి బతికుండి ఫోను నడిపిస్తున్నడు, ఇంకేం గావాలె నీకు?"

"ఫోను నడుస్తున్నది. నడిపిస్తున్నది ఎవరో మనకెరుకనా?"

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట తల్లి ముందు అనకుండా ఉండాల్సిందని రమకు అప్పుడు తట్టింది. తట్టి ఏం లాభం, నోరు జారాక.

"లొల్లి దేని మీదక్కా?" అని నెమ్మదిగా అడిగింది.

"నాకు సక్కగ ఎరుక లేదు చెల్లె. నేను నల్లా కాడ ఉన్న. తండ్రీకొడుకులు లోపల గట్టిగ అనుకున్నరు. పిల్లగాడు ఎల్లిపోయిండు." లింగవ్వ ముక్కు చీదింది. "ఆయనకు ఫికరే లేదు. సెకండ్ షిఫ్టుకు పోతుండు, వస్తుండు. రేపు మెడికల్ బోర్డు ఉన్నదని గదే రంది. అన్‌ఫిట్ చేస్తె నౌకరి పిల్లగానికొస్తది గదా. కప్పు కూలి పక్కబొక్కలు ఇరిగిన మనిషి, ఇంక ఎన్ని దినాలు బొగ్గుబాయిలకు దిగుతడు?"

"ఇగ ఇండ్ల సంగతులు గుడ నేనే తీర్చాల్నా" అంటూ భూపాల్ లేచాడు. అంటే వీళ్లు కూడా లేవాలని అర్థం.

* * *

యమున వాళ్ల ఇంటి మేడ మీద రేకుల గదే ఇద్దరి చదువు గది. ఆ పిల్ల తాళం తీసింది గానీ గుమ్మం దాటడానికి జంకింది. రమ ఆమెను ముందుకు పంపలేదు, తనే లోపలికి వెళ్లింది.

కిటికీకి అడ్డంగా ఒక తీగ. తీగకు బట్టల క్లిప్పులు. ఆ క్లిప్పులకు ఎక్స్‌రే ఫిల్ములు ఉతికిన చొక్కాల్లా వేలాడుతున్నాయి. నాలుగు ఫిల్ములు, చివర ఒక ఖాళీ క్లిప్పు. బల్ల మీద పుస్తకాలు చెదరలేదు, కుర్చీ పడిపోలేదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు, లాగలేదు.

"ఇవన్ని ఏడియి?"

"కాలనీలల్ల ఇండ్లకు పోయి అడిగినం మేడం. ఎక్స్‌రే ఫిల్ములు ఎవలు పారేయరు, పరుపు కిందనో పెట్టె ఎనుకనో దాస్తరు. వెలుతురుకు పెట్టి ఫోటో తీసి నోట్‌బుక్‌ల వేస్తం, మల్ల ఇచ్చేస్తం. ఈ నాలుగు ఇంక ఇయ్యలే."

"చివరిది?"

"గది రుత్విక్ వాళ్ల బాపుది. రేపటి బోర్డు కోసం మొగిలి ఎక్స్‌రే సెంటర్ల ఇచ్చిండ్రట. ఎల్లిపోయిన రోజు పగటీలి రుత్విక్ ఈడ్నే ఉన్నడు. గా ఫిల్ము దిక్కే సూసుకుంట కూసున్నడు. ఏందిరా అంటె పలుకలే. బాపుకు సూపెట్టి వస్తనని సంకల పెట్టుకొని పోయిండు. మల్ల రాలే."

"గీ ముచ్చట పోలీసోళ్లకు చెప్పినవా?"

"వాళ్లు నన్నేమడిగిండ్రో ఎరుకనా మేడం? మీ ఇద్దరి నడుమ ఏమన్న ఉన్నదా అని. గది తప్ప ఇంకోటి అడుగలే."

రమకు భూపాల్ మీద ఒళ్లు మండింది. ఆ మంటను పక్కన పెట్టి, తీసేసిన ఐదు ముక్కలూ చూపగలవా అని అడిగింది. యమున ఫోన్ తెరిచింది. నోట్‌బుక్‌లోంచి తీసేసినవి అందులోనే చెత్తబుట్టలో కొన్నాళ్లు పడి ఉంటాయట. తీసినవాడికి ఆ సంగతి తెలియదు. ఆ పిల్ల ఐదింటినీ అక్కడే ఉంచి, నకళ్లు తన ఫోన్లోకి దింపుకుంది. ఐదూ ఎక్స్‌రే బొమ్మలే. ఐదింటికీ రుత్విక్ ఒకటే రంగు గుర్తు పెట్టి ఉంచాడు, ఏమీ రాయలేదు.

నాలుగు తీగ మీద ఉన్నవాటి ఫోటోలు. ఐదోది రుత్విక్ తండ్రి ఎల్లేశం పేరుతో ఉన్నది.

రమ తీగ మీంచి రెండు ఫిల్ములు తీసింది. ఒకదాని మూలన ఒకరి పేరు, రెండోదాని మూలన ఇంకొకరి పేరు, రెండింటి మీదా మొగిలి సెంటర్ ముద్ర. ఎందుకు తోచిందో గానీ, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తింది.

ఎముక మీద ఎముక కూర్చుంది. తెల్లటి చుక్కల మీద తెల్లటి చుక్కలు కూర్చున్నాయి. మూడోది పెట్టింది, నాలుగోది పెట్టింది. ఏ గీతా పక్కకు పోలేదు. ఎడమవైపు రెండు పక్కటెముకలు ఎప్పుడో విరిగి, అతుక్కున్నచోట బుడిపెలు కట్టి ఉన్నాయి. నలుగురికీ ఆ రెండే ఎముకలు, అక్కడే విరిగి, అలాగే అతుక్కున్నాయి!

"నాలుగు పేర్లు, ఒక్కటే ఛాతి" అంది రమ. "ఎవలో ఒక్క రోగిష్టోని ఫిల్ము పట్టుకొని, బోర్డుల అన్‌ఫిట్ అయ్యేతందుకు మొగిలి అందరికీ అమ్ముతున్నడు."

యమున ఆ ఫిల్ములు అందుకుని తనూ వెలుతురుకు పెట్టింది. నెలరోజులుగా ఆ బొమ్మలను అటూ ఇటూ జరుపుతూ, కింద వ్యాఖ్యలు రాసుకుంటూ కూర్చున్న పిల్ల. "మేము ఒక్కొక్కటే సూసినం మేడం. ఒక్కదాని మీద ఒక్కటి పెట్టి సూడలే. వాడు సూసిండు."

విరిగిన ఆ రెండు ఎముకలు రమ మనసులో ముల్లులా గుచ్చుకున్నాయి. పొద్దున ఎవరో అన్న మాట ఏదో నాలుక చివర ఆడుతోంది, అందడం లేదు. దాన్ని అక్కడే వదిలి వేరే దారి పట్టింది. "మూడు దినాల సంది వానికి మెసేజులు పెడుతనే ఉన్నవు గదా? సూపెట్టు."

యమున చూపింది. ఎక్కడున్నవ్, ఫోన్ ఎత్తు, అవ్వ ఏడుస్తున్నది. మధ్యాహ్నం దాకా పంపినవన్నీ వెంటనే చేరాయి. రెండున్నర తర్వాత పంపినవి మాత్రం గుమ్మం బయట నిలబడ్డట్టు ఆగిపోయి, రాత్రి పదకొండు దాటాక అన్నీ ఒక్కసారి చేరాయి. మొన్నా అంతే, నిన్నా అంతే.

"ఛార్జింగ్ లేక బందైందేమో అనుకున్న" అంది యమున.

రమ గోడకు ఆనుకుంది. ఈ వయసు పిల్లలు నిద్రలో కూడా ఫోన్ ఆపరు, కోడి కూసేదాకా దిండు కింద వెలుగుతూనే ఉంటుంది. అలాంటిది సాయంత్రమంతా ఆపి, అర్ధరాత్రి ముందు తెరుస్తారా? మూడు నుంచి పదకొండు దాకా, ఆ వేళలేమిటో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. గనిలోకి ఫోన్ పట్టుకుపోకూడదు. అక్కడి గాలి అంటుకోవడానికి చిన్న రవ్వ చాలు. అందుకే షిఫ్టుకు పోయే మనిషి గేటు దగ్గర ఫోన్ ఆపి ఇచ్చేస్తాడు, బయటికొచ్చాక తెరుస్తాడు. ఏళ్ల తరబడి చేసి చేసి అది చేతికి అలవాటైపోతుంది. చేతిలో ఉన్నది ఎవరి ఫోనైనా సరే, ఆ చెయ్యి ఆపేస్తుంది.

రుత్విక్ ఫోన్ సెకండ్ షిఫ్టు చేస్తోంది.

"సెకండ్ షిఫ్టుకు పోతుండు, వస్తుండు" అన్న లింగవ్వ మాట చెంప మీద కొట్టినట్టు వినిపించింది. రమ గడియారం చూసుకుంది. "యమునా, బండి తియ్యి. రెండున్నర లోపట బాయి గేటు కాడ ఉండాలె."

దారిలో భూపాల్‌కు ఫోన్ చేసి, మొగిలి సెంటర్‌కు ఇద్దరు కానిస్టేబుళ్లను పంపమంది. అటువైపు నుంచి నవ్వు వినిపించింది. "మొగిలి ఊర్ల పెద్దమనిషి. నాలుగు ఫిల్ములు పట్టుకొచ్చి వాని మీదికి పోతే నా నౌకరి ఉంటదా? నువ్వైతే ఇడిసిపెట్టి పోయినవు. నాకు ఇంక సర్వీసున్నది."

"నీ సర్వీసు సల్లగుండ" అని రమ పెట్టేసింది.

* * *

గేటు పక్కన సైకిల్ స్టాండు సారవ్వది. షిఫ్టుకు పోయేవాళ్లు బండి ఆమె దగ్గర పెట్టి, ఫోన్ ఆపి ఆమె గుడ్డసంచిలో వేసి పోతారు. తిరిగొచ్చినప్పుడు ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఇన్నేళ్లలో ఒక్క ఫోనూ మారలేదని సారవ్వకు గర్వం.

ఎల్లేశం వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంటుంది. తన ఫోన్ తీసి, ఆపి, సంచిలో వేశాడు. ఎవరితోనో "ఏం కాకా, తిన్నవా" అని మాట్లాడుతూనే లోపలి జేబులోంచి రెండోది తీశాడు. చూడకుండానే వేలు పక్క బటన్ మీదికి పోయింది.

రమ చెయ్యి మధ్యలోకి వచ్చింది. "గా రెండోది ఎవలది ఎల్లేశమన్నా?"

ఆయన యమునను చూశాడు, రమను చూశాడు, తన చేతిలో ఆరిపోయిన ఫోన్‌ను చూశాడు. దాన్ని మళ్లీ జేబులో దాచబోయాడు.

స్టాండు రేకుల కింద ఒక మూలకు తీసుకుపోయి రమ అడిగింది. "నీ ఇల్లాలు మూడు దినాల సంది బువ్వ తింటలేదు. కొడుకు ఫోను నీ జేబులున్నది. ఏం చేసినవన్నా పిల్లగాన్ని?"

"అయ్యో, నేనేం చేస్త బిడ్డా! నా కొడుకును నేనేం చేస్త?" అన్నాడు ఎల్లేశం. "గుంజుకున్న. ఫోను గుంజుకున్న, గంతే. ఫిల్ము గుడ గుంజుకున్న. బోర్డుకు పోకు బాపు, గీ ఫిల్ము మొగిలి అందరికీ అమ్ముతున్నడు, నేను బయటపెడుత అన్నడు. ఎవని కోసం పోతున్నరా బోర్డుకు అన్న. నీ నౌకరి కోసమే గదరా అన్న. నాకొద్దు అన్నడు."

"అందుకని బొమ్మలు తీసేసినవు."

"మొగిలి చెప్పిండు. పిల్లగాని ఫోన్ల ఉన్నయన్ని తీసెయ్యి, బోర్డయ్యేదాక ఎవలకు తెల్వొద్దన్నడు. ఫోను తెరిచే ప్యాటర్ను ఇంట్ల అందరికీ ఎరుకే. రంగు గుర్తు పెట్టినయి ఏరి, రాత్రి షిఫ్టు దిగినంక కొన్ని, పొద్దుగాల కొన్ని తీసిన."

"అంటే పిల్లగాడు పసిగట్టిండని మొగిలికి నువ్వే చెప్పినవా?"

ఎల్లేశం తల దించుకున్నాడు. "చెప్పిన. నా తానికి తోలియ్యి, నేను సముదాయిస్త అన్నడు. నీకు అంత అనుమానముంటె పోయి మొగిలినే అడుగురా అని కోపంల నేనే పంపిన. పోయిండు. మొగిలి తర్వాత ఫోను చేసిండు. సమజ్ చేసిన, పిల్లగాడు అలిగి కరీంనగర్ల దోస్తు తానికి పోయిండు, బోర్డయినంక వస్తడు అన్నడు."

"నువ్వు నమ్మినవు."

"నమ్మకపోతె నా పని నడువది బిడ్డా" అన్నాడు.

ఆమె రుత్విక్ ఫోన్ తీసుకుని తిరిగి తెరిచింది. సంచిలోంచి ఎల్లేశం ఫోన్ కూడా తీయించి తెరిపించింది. మొగిలిని మాటల్లో పెట్టి ఎక్కడున్నాడో రాబట్టాలని ఆమె ఆలోచన. అంత కష్టం అక్కరలేకపోయింది. రుత్విక్ ఫోన్ ఒకసారి వణికింది. తెర మీద సందేశం: కొత్త కంప్యూటర్ నుంచి మీ నోట్‌బుక్ తెరుస్తున్నారు, ఈ ఆరు అంకెలు చెప్పండి.

ఆ వెంటనే ఎల్లేశం ఫోన్ మోగింది. మొగిలి. రమ స్పీకర్ నొక్కి, వినమని సైగ చేసింది.

"ఎల్లేశమన్నా, ఇంక దిగలేదు గదా? పిల్లగాని ఫోన్లకు ఒక నంబరొచ్చి ఉంటది, జల్ది చెప్పు. నువ్వు తీసినయన్ని చెత్తబుట్టల పడున్నయట. ఆఖరుకు సాఫ్ చేసి పడేస్త. రేపు బోర్డుకు నువ్వు నిమ్మలంగ పోవచ్చు."

"ఆగు, ఫోను తెరుస్తున్న" అన్నాడు ఎల్లేశం, రమ పెదవులు చూసి. ఆమె తమ గొంతు అటు వినపడకుండా మ్యూట్ నొక్కింది.

"యమునా, ఈ నంబరు ఎప్పుడొస్తది?"

"పాస్‌వర్డు కరెక్టుగ కొట్టినంకనే మేడం." చెబుతూ చెబుతూనే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "రుత్విక్ పాస్‌వర్డు నాక్కూడ ఎరుక లేదు. ఎవలకూ చెప్పడు."

"మరి మొగిలి ఎట్ల కొట్టిండన్నా?" రమ ఎల్లేశం వైపు తిరిగింది. "కరీంనగర్ల దోస్తు తాన ఉన్నోడు, మొగిలి కంప్యూటర్ల పాస్‌వర్డు ఎట్ల కొట్టిండు?"

ఎల్లేశానికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక వెనక ఉన్న సైకిల్‌ను పట్టుకున్నాడు, అది పక్కదాని మీద పడింది, వరుస మొత్తం వాలిపోయింది. "నా కొడుకు వాని తాన్నే ఉన్నడు" అన్నాడు. "మూడు దినాల సంది వాని తాన్నే ఉన్నడు. నేనే పంపిన బిడ్డా, నేనే పంపిన."

"నంబరు చెప్పు."

"చెప్ప! అన్ని తుడిచినంక నా కొడుకుతోని వానికేం పని? ఏమన్న చేస్తె?"

అదే భయం రమ గుండెలోనూ ఉంది. "బొమ్మలు యమున ఫోన్ల భద్రంగున్నయి, వాడేం తుడిచినా పోవు. చెప్పకుంటె వాడు పిల్లగాని మీద పడుతడు. అన్ని పిల్లగానితోనే కొట్టిస్తున్నట్టున్నడు, చెప్తె కంప్యూటరు ఇంకింతసేపు రుత్విక్ చేతుల ఉంటది. తెలివిగల్ల పిల్లగాడన్నా. వానికొక సందు ఇద్దాం."

రమ మ్యూట్ తీసింది, ఎల్లేశం ఆరంకెలూ చదివాడు. ఒక్కో అంకె నోట్లోంచి రాయిలా పడింది. మొగిలి "శాబాష్" అని పెట్టేశాడు.

యమున ఫోన్ మీద మూడు తలలు వంగాయి. నోట్‌బుక్‌లో రుత్విక్ పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. చెత్తబుట్ట ఖాళీ అయింది. దాని వెంట ఇంకో ముక్క పోయింది, ఇంకోటి పోయింది. గేటు దగ్గర కార్మికులు దీపాల గదివైపు నడుస్తున్నారు. ఎవరో "ఎల్లేశన్నా, మస్టర్ టైమైంది, హాజరెయ్యాలె" అని కేకేశారు.

అప్పుడు అన్నిటికన్నా పైన కొత్త ముక్క ఒకటి పుట్టింది.

అది వ్యాసం కాదు. బటన్ ఒక్కటి నొక్కి కంప్యూటర్ తెరను ఉన్నది ఉన్నట్టు కత్తిరించి పంపిన బొమ్మ. సగం తెర నోట్‌బుక్. మిగతా సగం ఎక్స్‌రే యంత్రంలో దాచిన రికార్డుల పట్టిక, పైన మొగిలి సెంటర్ పేరు. అందులో అదే ఛాతి. అవే తెల్లచుక్కలు, ఎడమవైపు అవే రెండు బుడిపెలు. తీసిన తేదీ మూడేళ్ల కిందటిది. మనిషి పేరు ఎల్లేశం.

ఇందాక నాలుక చివర ఆడిన లింగవ్వ మాట ఇప్పుడు రమకు అందింది. కప్పు కూలి పక్కబొక్కలు ఇరిగిన మనిషి.

"మూడేండ్ల కింద మొగిలి తాన ఎక్స్‌రే తీయించుకున్నవా?"

"తీయించుకున్న. నీ ఊపిరితిత్తులు అద్దం లెక్కున్నయి, అన్‌ఫిట్ కావు అన్నడు. అందుకనే గదా మొన్న దొంగ ఫిల్ము తెమ్మన్న." ఎల్లేశం బొమ్మ వైపే చూస్తున్నాడు. ఆయన కుడిచెయ్యి తనకు తెలియకుండానే ఎడమ పక్కటెముకల మీదికి పోయింది. "ఏమైంది బిడ్డా? గట్లెందుకు సూస్తున్నవు?"

రమ ఏమని చెబుతుంది? ఈ రోగం నిజంగా నీదేనని, నీకు చెప్పకుండా నీ ఛాతిని ఊరందరికీ అమ్మి, చివరికి నీది నీకే దొంగదని అంటగట్టాడని ఏ నోటితో చెబుతుంది? చెప్పే అవసరం రాలేదు. బొమ్మ కింద వ్యాఖ్య రాసే చోట అక్షరాలు కదిలాయి. తొందరగా కొట్టిన అక్షరాలు. "నన్ను కాపాడండి" అని లేదు. ఎక్కడున్నాడో లేదు. యమున పైకి చదివింది.

"బాపు ఇది దొంగది కాదు నీదే. బాయిలకు దిగకు."

యమున స్క్రీన్‌షాట్ తీసింది. తీసిన వెంటనే ఆ ముక్క వాళ్ల కళ్లముందే మాయమైంది. "రుత్విక్ తొలగించాడు" అని వరుస పడింది. పచ్చచుక్క ఆరిపోయింది.

"ఎవలు తీసిండ్రు మేడం? వాడా, మొగిలా?" అంది యమున. రమ ఆ బొమ్మను భూపాల్‌కు పంపి ఫోన్ చేసింది. ఈసారి అటువైపు నవ్వు లేదు.

"ఆ సెంటర్‌కు ఎనుక దిక్కు ఒక దర్వాజ ఉంటది" అన్నాడు భూపాల్, గొంతు తగ్గించి. "నువ్వు ముంగటి నుంచి రాకు. నేను జీపు తీస్తున్న."

సెకండ్ షిఫ్టు సైరన్ కూసింది. ఆ కూతలోనే ఎల్లేశం ఫోన్ మళ్లీ మోగింది. మొగిలే.

"అంతా సాఫ్ అయిందన్నా" అన్నాడు హాయిగా. కొత్త ముక్క అతని కంట పడలేదని ఆ హాయే చెప్పింది. "పిల్లగాడు గుడ ఇప్పుడే కరీంనగర్ నుంచి ఫోను చేసిండు, మంచిగున్నడట. ఫికర్ చెయ్యకు. నువ్వు దిగుతున్నవా?"

అంటే ఎల్లేశం గనిలో ఉండే ఎనిమిది గంటలు మొగిలికి కావాలి. ఆ ఎనిమిది గంటల్లో ఏం చేయదలచుకున్నాడో రమ ఊహించలేకపోయింది, ఊహించడానికి భయపడింది. ఎల్లేశం వైపు చూసింది. ఏడుస్తాడనుకుంది, తిడతాడనుకుంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఛాతి నిండా గాలి తీసుకోబోతే దగ్గు వచ్చింది, దాన్ని మింగాడు.

"ఆఁ మొగిలీ, మస్టర్ పడ్డది" అన్నాడు రోజూ మాట్లాడే గొంతుతో. "ఇగో, బాయిలకు దిగుతున్న. ఫోను బందు చేస్తున్న."

ఫోన్ ఆపి జేబులో వేసుకుని, యమున బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.